రాసినవాడికి రిపోర్ట్ ఏది? ఫార్మసీ విద్యార్థులూ, సిలబస్ మొత్తం మీద పెట్టే పరీక్షలూ

(ఫార్మసీ కాలేజీల టీచర్లు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన టాపిక్ పేరు చాలా పెద్దగా ఉంది, కరికులం అసెస్‌మెంట్ పరీక్షల పట్ల ఫార్మసీ విద్యార్థుల వైఖరి అని. నేను దాన్ని ఒక మామూలు ప్రశ్నగా మార్చుకున్నా. రెండేళ్ళో నాలుగేళ్ళో చదివిన సిలబస్ మొత్తం మీద, దేశంలో అందరికీ ఒకే పేపర్ పెడితే, మన పిల్లలు కొన్ని చోట్ల ఎందుకు భయపడి చస్తున్నారు, కొన్ని చోట్ల ఎందుకు అసలు పట్టించుకోకుండా గంటలో లేచి వచ్చేస్తున్నారు? పరీక్ష దాదాపు అదే, సబ్జెక్టులూ దాదాపు అవే, మరి ఈ తేడా ఎక్కడ్నుంచి వస్తోంది? నేను ఇవాళ చెప్పదలచుకున్నది అంతా దీని చుట్టూనే.

ముందు మన ఇంటి సంగతి. ఇక్కడ డీఫార్మ్ పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి మీకు తెలిసిందే, ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2022 ఫిబ్రవరిలో గెజిట్‌లో ఒక రెగ్యులేషన్ ఇచ్చింది, డిప్లొమా ఇన్ ఫార్మసీ ఎగ్జిట్ ఎగ్జామినేషన్ అని. అంటే డీఫార్మ్ పాసైతే సరిపోదు, ఈ పరీక్ష కూడా పాసైతేనే స్టేట్ కౌన్సిల్‌లో ఫార్మసిస్టుగా పేరు ఎక్కుతుంది. మూడు పేపర్లు, అన్నీ మల్టిపుల్ చాయిస్, అన్నీ ఇంగ్లీషులో. మొదటి పేపర్లో ఫార్మస్యూటిక్స్ అంటే మందుల తయారీ, ఫార్మకాలజీ అంటే మందు ఒంట్లో ఏం చేస్తుందో, ఫార్మకాగ్నసీ అంటే మొక్కల్లాంటి వాటి నుంచి వచ్చే మందులు. రెండో దాంట్లో కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, హాస్పిటల్ అండ్ క్లినికల్ ఫార్మసీ. మూడో దాంట్లో చట్టాలు, డ్రగ్ స్టోర్ మేనేజ్‌మెంట్. ప్రతి పేపర్లో 50 శాతం రావాలి, అదీ మూడూ ఒకేసారి రావాలి. రెండు పాసై ఒకటి పోయిందా, మళ్ళీ మూడూ రాయాలి. ఎన్నిసార్లయినా రాయొచ్చు, దానికి లిమిట్ లేదు. పరీక్ష పెట్టే పని నీట్ పీజీ పెట్టే ఎన్‌బీఈఎంఎస్ వాళ్ళకి ఇచ్చారు, 2024 అక్టోబర్‌కి మొదటి పరీక్ష షెడ్యూల్ ఇచ్చారు.

ఇది వచ్చిన దగ్గర్నుంచి పిల్లలు నా దగ్గర ఏమంటున్నారో చెప్తాను. ఎక్కువగా వినేది, మేడమ్ యూనివర్సిటీనో బోర్డో పెట్టిన పరీక్ష పాసయ్యాం కదా, మళ్ళీ ఇదేంటి, అంటే ఆ పరీక్ష మీకు నమ్మకం లేదా అని. ఇది చాలా సరైన ప్రశ్న అండీ. బోర్డు పరీక్షలో 40 వస్తే పాస్ అని మనమే చెప్పాం, మార్క్స్ మెమో మనమే ఇచ్చాం, ఇప్పుడు గేటు దగ్గర ఇంకొకళ్ళు నిలబడి 50 కావాలి అంటున్నారు. పిల్లాడికి కోపం రాదా? ఆ కోపం నిజానికి పరీక్ష మీద కాదు, ఇన్నాళ్ళూ మేం ఇచ్చిన మార్కులకి విలువ లేదని ఎవరో చెప్పకుండానే చెప్పినట్టు అనిపించడం మీద.

ఇంకొందరు అనేది, నాలుగేళ్ళ డిగ్రీ బీఫార్మ్ వాళ్ళకి లేదు, ఆరేళ్ళ ఫార్మ్‌డీ వాళ్ళకి లేదు, మాకే ఎందుకు అని. దీని గురించి ప్రశ్నల టైంలో మాట్లాడదాం, ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు.

ఇంకొందరు అసలేమీ అనరు, వాళ్ళే నన్ను ఎక్కువ కంగారు పెడతారు. బిట్ బ్యాంక్ ఎక్కడ దొరుకుతుంది మేడమ్, అంతే. రెండు వేల బిట్లు ఉన్న పుస్తకం కొనుక్కుని ఆన్సర్ కీ పక్కన పెట్టుకుని ఏ, సీ, బీ, డీ అని టిక్కులు పెట్టుకుంటూ పోతారు. వాళ్ళని తప్పు పట్టలేను, ఎందుకంటే స్కూల్ నుంచీ మనం వాళ్ళకి పరీక్ష అంటే ఇదే అని నేర్పాం, ఇంటర్ అయినా ఎంసెట్ అయినా ఇదే పద్ధతిలో దాటి వచ్చారు.

అయితే ఇలాంటి పరీక్ష అసలు అక్కర్లేదా అంటే, నేను మాత్రం కావాలి అనే అంటాను, గట్టిగా అంటాను. ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్తా, కాస్త ఓపిగ్గా వినండి, అందరూ మనసులో లెక్క వెయ్యండి.

పది కేజీల పిల్ల. జ్వరం. డాక్టర్ పారాసిటమాల్ కేజీకి 15 మిల్లీగ్రాముల లెక్కన అనుకున్నారు, అంటే 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు షాపులో మన దగ్గర మూడు సీసాలు ఉన్నాయి. ఒకటి సిరప్ 5 ఎంఎల్‌కి 125. ఇంకొకటి సిరప్ 5 ఎంఎల్‌కి 250. మూడోది చుక్కల మందు, చిన్న సీసా, 1 ఎంఎల్‌కే 100. మొదటి దాంట్లో ఎంత పొయ్యాలి? 6 ఎంఎల్. రెండో దాంట్లో 3 ఎంఎల్. మూడో దాంట్లో ఒకటిన్నర ఎంఎల్. అవునా? ఇప్పుడు ఆ చీటీ మీద 6 ఎంఎల్ అని ఉంది, 125 సిరప్ స్టాక్ లేదు, షాపులో ఉన్న కుర్రాడు ఇదీ పారాసిటమాలే కదమ్మా అని చుక్కల మందు సీసా ఇచ్చి పంపాడు. తల్లి ఇంటికెళ్ళి చీటీలో ఉన్నట్టే 6 ఎంఎల్ పోసింది. పిల్ల ఒంట్లోకి వెళ్ళింది 600 మిల్లీగ్రాములు, ఇవ్వాల్సిన దానికి నాలుగు రెట్లు. నాలుగ్గంటలకోసారి అలాగే పోస్తే ఆ పిల్ల లివర్ ఏమవుతుందో ఇక్కడున్న ఫార్మకాలజీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈ ఒక్క సంఘటనలో ఎన్ని సబ్జెక్టులు ఉన్నాయో చూడండి. లెక్క ఫార్మస్యూటిక్స్‌లో చెప్పాం. డోసు, లివర్ ఫార్మకాలజీలో చెప్పాం. సీసా మార్చి ఇచ్చేటప్పుడు డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలని, కొలత తల్లికి చూపించి చెప్పాలని కమ్యూనిటీ ఫార్మసీలో చెప్పాం. అన్నీ చెప్పాం, అన్నిట్లో విడివిడిగా పాస్ కూడా చేశాం. కానీ ఈ మూడూ కలిపి ఒక్క మనిషి బుర్రలో ఒకే సమయంలో ఉన్నాయా లేవా అని చూసే పరీక్ష మన సెమిస్టర్లలో ఎక్కడుంది? సెమిస్టర్ అయిపోగానే ఆ సబ్జెక్టు పుస్తకం జూనియర్‌కి అమ్మేస్తారు. అందుకే చివర్లో అన్నీ కలిపి ఒకసారి చూసుకోవడం కావాలి. పిల్లల్ని ఆపడానికి కాదు, ఆ తల్లి కోసం.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఇంటర్నల్ మార్కులు ఎలా పడతాయో మనకి తెలుసు, రికార్డులు ఎలా నిండుతాయో తెలుసు, 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ సర్టిఫికెట్లు కొన్ని చోట్ల షాపు మెట్లెక్కకుండానే ఎలా వస్తాయో తెలుసు. పేరు ఒకరిది, షాపులో నిలబడేది ఇంకొకరు, సర్టిఫికెట్ నెలకింత అని అద్దెకి. ఇది ఉన్నంతకాలం బయటి నుంచి ఒక పరీక్ష రావడం ఖాయం. దాని బరువు మాత్రం నిజంగా కష్టపడి చదివిన పిల్లల మీద కూడా సమానంగా పడుతుంది, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు అమెరికాకి వెళ్దాం. అక్కడి సంగతి ఎందుకంటే వాళ్ళు ఇదే పని ఇంకో రకంగా చేశారు, పిల్లల స్పందన కూడా పూర్తిగా ఇంకో రకంగా వచ్చింది, రెండూ పక్కపక్కన పెడితే విషయం తేలుతుంది.

అక్కడ ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఉంది, ఎన్‌ఏబీపీ అంటారు. వాళ్ళు 2008లో పీసీఓఏ అని ఒక పరీక్ష మొదలుపెట్టారు, ఫార్మసీ కరికులం అవుట్‌కమ్స్ అసెస్‌మెంట్. 225 ప్రశ్నలు. నాలుగు ఏరియాలు. బేసిక్ బయోమెడికల్ సైన్సెస్ 10 శాతం, ఫార్మస్యూటికల్ సైన్సెస్ 33, సోషల్, బిహేవియరల్, అడ్మినిస్ట్రేటివ్ అన్నీ కలిపి 22, క్లినికల్ సైన్సెస్ 35. మొదట్లో కాలేజీ ఇష్టం, రాయిస్తే రాయించొచ్చు. తర్వాత అక్కడ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే ఏసీపీఈ తన 2016 స్టాండర్డ్స్‌లో, క్లాస్‌రూమ్ చదువు అయిపోవచ్చే టైంలో పిల్లలందరితో ఇది రాయించాలి అని పెట్టింది. అంటే మామూలుగా నాలుగేళ్ళ ఫార్మ్‌డీలో మూడో ఏడు, హాస్పిటల్ రొటేషన్లకి, అంటే ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి వెళ్ళే ముందు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి, దీంట్లో పాస్ ఫెయిల్ ఉండేది కాదు. ఎన్‌ఏబీపీ పాస్ మార్కు పెట్టలేదు. మొత్తం మీద ఒక స్కోరు, ఏరియాల వారీగా స్కోర్లు, దేశంలో మిగతా పిల్లలతో పోలిస్తే నువ్వు ఎక్కడున్నావో చెప్పే పర్సంటైల్, అంతే. లైసెన్సు పరీక్ష వేరే, అది నాప్లెక్స్, డిగ్రీ అయ్యాక.

మరి పిల్లలు ఏం చేశారు? ఊహించండి. లైసెన్సు ఆగదు, గ్రేడు ఆగదు, డిగ్రీ ఆగదు. మిడ్స్ దగ్గర పడుతున్నాయి, రొటేషన్ల కోసం ఊరు మారాలి, పార్ట్ టైమ్ పని ఉంది. చాలామంది దీన్ని కాలేజీ గుర్తింపు కోసం మాతో రాయించుకుంటున్న పరీక్ష అని అనుకున్నారు. ప్రిపరేషన్ లేకుండా వెళ్ళడం, పెద్ద ప్రశ్న వస్తే చదవకుండా ఏదో ఒకటి నొక్కి ముందుకు పోవడం. టీచర్ల తలనొప్పి ఏంటంటే, వచ్చిన స్కోరు పిల్లాడికి తెలియని దాన్ని చూపిస్తోందా, లేక ఆ రోజు వాడు మనసు పెట్టకపోవడాన్ని చూపిస్తోందా అనేది తేలదు. మనసు పెట్టని పరీక్ష స్కోరుతో సిలబస్ మార్చడం ఎలా కుదురుతుంది?

అందుకని ఒక్కో కాలేజీ ఒక్కో దారి పట్టింది. కొన్ని చోట్ల స్కోరుని ఒక కోర్సు గ్రేడులో కొంచెం కలిపారు. కొన్ని చోట్ల బాగా రాస్తే గిఫ్ట్ కార్డులు, బహుమతులు అన్నారు. కొన్ని చోట్ల తక్కువ వస్తే రొటేషన్ల ముందు మళ్ళీ చదివించడం పెట్టారు. కొన్ని చోట్ల ఏమీ చెయ్యలేదు, ఇది మీ కోసమే రాయండి అని చెప్పి ఊరుకున్నారు. ఒకే పేపర్ రాసి, ఒక కాలేజీలో భయంతో చదివిన పిల్లలూ ఇంకో కాలేజీలో నిద్రమొహంతో వచ్చిన పిల్లలూ ఒకే పర్సంటైల్ లెక్కలోకి వెళ్ళారు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. మన ఎగ్జిట్ ఎగ్జామ్‌కి బతుకుతెరువు మొత్తం ముడిపెట్టారు, కాబట్టి భయం, బిట్ బ్యాంకు. వాళ్ళ పీసీఓఏకి ఏమీ ముడిపెట్టలేదు, కాబట్టి నిర్లక్ష్యం. ఇది చూసి చాలామంది టీచర్లు ఏమంటారంటే, చూశారా, భయం పెడితేనే చదువుతారు, కాబట్టి బెత్తం ఉండాల్సిందే అని. నేను ఒప్పుకోను.

ఎందుకు ఒప్పుకోనంటే, రెండు చోట్లా పిల్లలు ఒకే ఫిర్యాదు చేస్తున్నారు, మనమే సరిగ్గా వినట్లేదు. రాసిన దాని వల్ల నాకేం తెలిసింది, తెలిసాక సరిదిద్దుకోడానికి నాకు టైమ్ ఎక్కడుంది, ఇదే ఆ ఫిర్యాదు. రక్తం ఇచ్చింది నేను, రిపోర్ట్ మాత్రం ల్యాబ్ వాళ్ళు ఫైల్లో పెట్టుకున్నారు అన్నట్టు ఉంది వాళ్ళ పరిస్థితి. అమెరికాలో పిల్లాడి చేతికి ఏరియా వారీ స్కోర్లు వచ్చేవి, నిజమే, కానీ క్లినికల్ సైన్సెస్‌లో తక్కువ వచ్చింది అంటే ఏం చెయ్యాలి? గుండె జబ్బుల మందులా, యాంటీబయాటిక్సా, కిడ్నీ డోసులా? కూర్చోబెట్టి మాట్లాడిన టీచర్ ఉన్న చోట ఆ కాగితం పనికొచ్చింది, లేని చోట పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్‌గా మిగిలిపోయింది. మన దగ్గర ఇంకా ఇబ్బంది, పరీక్ష వచ్చేదే కోర్సు మొత్తం అయిపోయాక. అప్పుడు తక్కువ వచ్చింది అని తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? కాలేజీ వదిలేశాడు, టీచర్లు కొత్త బ్యాచ్‌తో ఉన్నారు, హాస్టల్ ఖాళీ చేశాడు. ఇంక మిగిలేది కోచింగ్ సెంటరే.

పరీక్ష అంటే చదువు అయిపోయాక కొలిచేది మాత్రమే అనే ఆలోచన కూడా పూర్తిగా సరికాదు. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం చేశారు, చాలా తేలికైన ప్రయోగం. కొందరు ఒక పాఠం చదివి మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు, ఇంకొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివిన వాళ్ళే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది, పుస్తకం మూసి రాసిన వాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అంటే పరీక్ష రాయడమే చదవడంలో ఒక భాగం. మన పిల్లలు రాత్రంతా చదివి పొద్దున రాసి మర్చిపోతున్నారంటే ఆ ఐదు నిమిషాల లెక్కలోనే మనం అందరం ఇరుక్కుపోయాం. ఏడాదికోసారి, ఏ మార్కులూ కలపకుండా, పాత సబ్జెక్టులన్నీ కలిపి చిన్న పేపర్ పెడితే అది పిల్లల మీద ఇంకో బరువు కాదు, వాళ్ళ జ్ఞాపకానికి మనం చేసే సాయం.

ఇక్కడ ఫార్మ్‌డీ పిల్లలు ఉన్నారు కదా, మీలో సగం మంది మనసు అమెరికాలో ఉందని నాకు తెలుసు, తప్పేం లేదు. మీకొక్క మాట. విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు అక్కడ రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ ఉంది చూశారూ, దాని నాలుగు ఏరియాలూ పీసీఓఏ ఏరియాలే. ఒకప్పుడు మన బీఫార్మ్ వాళ్ళు చాలామంది ఇది రాసి అక్కడ స్థిరపడ్డారు, మన తెలుగు వాళ్ళే అక్కడి ఫార్మసీల్లో ఎంతమంది ఉన్నారో మీ చుట్టాల్లోనే తెలుస్తుంది. 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ అందుకున్న వాళ్ళకి ఐదేళ్ళ కోర్సు ఉండాలి అన్నారు, దాంతో నాలుగేళ్ళ బీఫార్మ్‌కి ఆ దారి మూసుకుపోయింది, 2008లో మన ఆరేళ్ళ ఫార్మ్‌డీ రెగ్యులేషన్స్ వచ్చాక మళ్ళీ తెరుచుకుంది. ఆ పరీక్షకి ప్రిపేర్ అయ్యే పిల్లల్ని చూడండి, ఎంత ఇష్టంగా చదువుతారో. ఎవరూ వాళ్ళని తిట్టరు, హాజరు తీసుకోరు. బయోస్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోయిన అబ్బాయే ఎఫ్‌పీజీఈఈ కోసం అదే బయోస్టాటిస్టిక్స్ రాత్రి రెండింటి దాకా చదువుతాడు. ఎందుకు? దాని అవతల ఏముందో వాడికి కనిపిస్తోంది, ఎందులో వెనకబడి ఉన్నాడో మాక్ టెస్ట్ ప్రతి వారం చెప్తోంది. పిల్లల వైఖరి పుట్టుకతో వచ్చింది కాదండీ. మనం పరీక్షని ఎలా పెడతామో దాన్నిబట్టే అదీ ఉంటుంది.

ఇంగ్లీషు గురించి ఒక్క నిమిషం. డీఫార్మ్‌కి వచ్చేవాళ్ళలో తెలుగు మీడియంలో చదివిన వాళ్ళు చాలామంది. ఈ మధ్య ఒక అమ్మాయి పేపర్ దిద్దుతూ పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ప్రశ్న ఏంటంటే షెడ్యూల్ హెచ్1 మందుల, అంటే అమ్మిన ప్రతిసారీ విడిగా రాసిపెట్టాల్సిన మందుల రిజిస్టర్‌లో కింది వాటిలో ఏది తప్ప మిగతావన్నీ రాయాలి అని, ఇంగ్లీషులో చివర ఎక్సెప్ట్ అని చిన్న పదం ఉంది. ఆ అమ్మాయికి రిజిస్టర్ సంగతి మొత్తం తెలుసు, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామో రాయాలి, మూడేళ్ళు దాచాలి, గడగడా చెప్పింది. వాళ్ళ నాన్న షాపులో ఆ రిజిస్టర్ తనే రాస్తుందట, ట్రామడాల్ ఇచ్చినప్పుడు, టీబీ మందులు ఇచ్చినప్పుడు. కానీ ఆ ఎక్సెప్ట్ కంట్లో పడలేదు, మొదటి ఆప్షన్ డాక్టర్ పేరు అని ఉంటే అదే టిక్ పెట్టి వెళ్ళిపోయింది. మార్కు సున్నా. ఆ సున్నా దేన్ని కొలిచింది? ఆ అమ్మాయి ఫార్మసీ పనిని అయితే కాదు. ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనట్లేదు, మందు డబ్బా మీద ఉన్నది చదవాలంటే ఇంగ్లీషు రావాలి. కానీ ప్రశ్న వాక్యం తిరకాసుగా ఉండాల్సిన పని లేదు, పక్కన తెలుగులో కూడా ప్రశ్న ఇస్తే కొంప మునగదు. మిగతా పోటీ పరీక్షల్లో రెండు భాషల్లో ఇస్తున్నప్పుడు ఇక్కడ ఎందుకు కుదరదు?

కాలేజీల వాళ్ళకి నేను చెప్పేది, మనం గెజిట్ మార్చలేం, కానీ మన చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి. ఫస్ట్ ఇయర్ అవ్వగానే వేసవి సెలవుల ముందు ఒక పేపర్ పెట్టండి, మార్కులు మెమోలో కలపొద్దు, నోటీసు బోర్డులో పేర్లు అసలే వద్దు. ప్రతి ప్రశ్నకీ ముందే పక్కన రాసుకోండి ఇది ఏ టాపిక్ అని, డోసు లెక్కలు, యాంటీబయాటిక్స్, చట్టం, నిల్వ, అలా. ఎక్సెల్ షీట్ చాలు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. పిల్లాడికి ఇచ్చే కాగితంలో 100కి 46 అని కాకుండా, లెక్కల్లో పదికి రెండు, చట్టంలో పదికి ఎనిమిది అని ఉండాలి. ఆ కాగితం పట్టుకుని ప్రతి పిల్లాడితో పది నిమిషాలు కూర్చోండి. అరవై మంది ఉంటే పది గంటలు, డిపార్ట్‌మెంట్‌లో నలుగురు పంచుకుంటే తలా రెండున్నర గంటలు. ఇన్‌స్పెక్షన్ ఫైళ్ళ కోసం మనం పెట్టే టైమ్ ముందు ఇదెంత? క్లాసులో ముప్పావు వంతు మందికి లెక్కల్లోనే పదికి రెండు వచ్చిందనుకోండి, అప్పుడు చూసుకోవాల్సింది పిల్లల్ని కాదు, ఆ పాఠం ఎలా చెప్పామో.

కౌన్సిల్‌కి, పరీక్ష పెట్టేవాళ్ళకి కూడా చెప్పాల్సింది ఉంది. పాసైన పేపర్‌ని మళ్ళీ రాయించడం తగ్గించండి, రెండు పాసై ఒకటి పోయిన పిల్లాడు ఆ ఒక్కటీ బాగా చదువుకునేలా ఉండాలి. పాస్, ఫెయిల్‌తో ఆగకుండా టాపిక్ వారీగా రిపోర్ట్ పిల్లాడికీ, పేర్లు లేకుండా కాలేజీకీ పంపండి. ఎంబీబీఎస్ చివర్లో పెట్టాలనుకున్న డాక్టర్ల నెక్స్ట్ పరీక్ష సంగతి చూశాం కదా, పిల్లల నుంచి అంత ఆందోళన వచ్చాక 2023 జూలైలో వాయిదా వేశారు. పరీక్ష రాసేవాళ్ళతో ముందు మాట్లాడకుండా పైనుంచి దించితే ఎక్కడైనా అంతే అవుతుంది.

ఇంక ప్రశ్నలు తీసుకుందాం. చెప్పమ్మా.

(విద్యార్థిని: మేడమ్, బీఫార్మ్ వాళ్ళకి ఎగ్జిట్ లేదు, మాకే ఎందుకు? షాపులో ఇద్దరం ఒకే కౌంటర్‌లో ఉంటాం కదా.)

ఉంటారు. అందుకే నీ ప్రశ్న న్యాయమైంది. కౌన్సిల్ వైపు నుంచి చూస్తే డీఫార్మ్ అనేది రిజిస్ట్రేషన్‌కి కనీస అర్హత, రెండేళ్ళ కోర్సు, ఊరూరా కాలేజీలు వచ్చాయి, ఎక్కడ ఎలా చెప్తున్నారో తెలియట్లేదు, అందుకని ముందు అక్కడ మొదలుపెట్టారు అనుకోవచ్చు. కానీ పేషెంట్ వైపు నుంచి చూస్తే కౌంటర్ వెనక ఉన్న మనిషి సర్టిఫికెట్ మీద రెండేళ్ళు ఉందా నాలుగేళ్ళు ఉందా అనేది ఆ తల్లికి తెలీదు. నా అభిప్రాయం అడిగితే రిజిస్టర్‌లో పేరు ఎక్కే ప్రతి ఒక్కరికీ ఒకే కొలత ఉండాలి. ఒక్కరికే పెట్టినప్పుడు అది కొలతలా అనిపించదు, అనుమానంలా అనిపిస్తుంది. మీరు అది రాతపూర్వకంగా కౌన్సిల్‌కి పంపండి, సంతకాలు పెట్టేవాళ్ళలో నేనూ ఉంటాను.

వెనక సార్ ఏదో అంటున్నారు.

(ఒక అధ్యాపకుడు: మేడమ్, రిపోర్ట్ కాలేజీకి వస్తే మేనేజ్‌మెంట్ దాన్ని మా ఇంక్రిమెంట్‌కి ముడిపెడుతుంది, లేదా బయట ర్యాంకులు వేస్తారు, అడ్మిషన్లు పోతాయి.)

నిజం సార్, ఆ భయం నిజమే. పిల్లలకి పెట్టిన బెత్తం తీసి మనకి పెడితే మనం కూడా బిట్ బ్యాంకులే పంచుతాం, పిల్లలు చేసిందే మనమూ చేస్తాం. అందుకే మొదటి రెండేళ్ళు ఆ రిపోర్ట్ డిపార్ట్‌మెంట్ దాటి బయటికి వెళ్ళకూడదు అని ముందే రాసుకోవాలి, ప్రిన్సిపాల్ సంతకంతో. ఇప్పుడు ఒక్కడూ ఫెయిల్ కాని కాలేజీ, అందరికీ ఇంటర్నల్స్ ఫుల్ ఉన్న కాలేజీ, ఎగ్జిట్‌లో సగం మందిని పోగొట్టుకుంటే అది ఎలాగూ బయటికి వస్తుంది సార్. అప్పుడు తెలిసే కన్నా ఏడాది ముందు మన గదిలో మనకి తెలియడం మేలు కదా.

ఇంకొక్కటి తీసుకుంటాను. బాబూ, నువ్వు.

(విద్యార్థి: మేడమ్, నాకు ఇంకా ఏడాది ఉంది. కాలేజీలో అలాంటి పేపర్ ఏమీ పెట్టట్లేదు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?)

లెక్కలతో మొదలుపెట్టు. డోసు లెక్కలు, పర్సెంటేజ్ సొల్యూషన్లు, డైల్యూషన్. ఎందుకంటే అవి బిట్ బ్యాంక్‌తో రావు, అంకె మారితే ఆన్సర్ మారిపోతుంది, కానీ రోజుకి నాలుగు చేస్తే నెలలో చేతికి వచ్చేస్తాయి. తర్వాత ఫస్ట్ ఇయర్ పుస్తకం, అమ్మేసి ఉంటే జూనియర్ దగ్గర అడిగి తెచ్చుకో, ఒక చాప్టర్ చదివి మూసేసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాయి, తర్వాత తెరిచి ఎర్రపెన్నుతో దిద్దుకో. ఆ ఎర్ర గీతలున్న కాగితాలు పారెయ్యకు, తేదీ వేసి దాచుకో, నీ రిపోర్ట్ అదే. మీ నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకరికొకరు ప్రశ్నలు తయారు చేసుకోండి, ప్రశ్న తయారు చెయ్యాలంటే పాఠం ఎంత బాగా రావాలో అప్పుడు తెలుస్తుంది. శనివారం మధ్యాహ్నం దగ్గర్లో ఏదైనా మంచి మెడికల్ షాపులో, యజమానిని అడిగి, కౌంటర్ వెనక నిలబడి చూడు, హెచ్1 రిజిస్టర్ ఒకసారి నీ చేత్తో రాయి. నేను కూడా ఇక్కడికి ఒక పేపర్ తెచ్చాను, ఇరవై ప్రశ్నలే, ప్రశ్న పక్కన టాపిక్ పేరు ఉంటుంది, తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉన్నాయి. లంచ్ అయ్యాక ఉండేవాళ్ళు సెమినార్ హాల్‌కి రండి, రాశాక ఎవరి పేపర్ వాళ్ళతోనే కూర్చుని దిద్దుదాం.